కేజ్ కార్డు మీద ఆమె అక్షరాలు

ఇరవై రెండేళ్లుగా నేను మోస్తున్న బరువు అర మిల్లీమీటరు. బరువును మిల్లీమీటర్లలో చెప్పకూడదని నాకు తెలుసు. కొలతలతో బతికేవాణ్ణి, ఆ మాత్రం తెలియక కాదు. కానీ నేను చేసిన తప్పును ఇంకెలా కొలిచినా అబద్ధమే అవుతుంది. కొన్నిసార్లు అర మిల్లీమీటరు. కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టేంత.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో మొదలుపెట్టాను. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. చెప్పాల్సిన మనిషి ఎదుటే ఒకసారి తెరిచాను, అప్పుడు కూడా వేరే మాట వచ్చింది. ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు నుంచి, జరిగింది జరిగినట్టు రాయాలి. ఎక్కడైనా దాటవేస్తున్నానని మీకు అనిపిస్తే ఆగి ఆ వాక్యం మళ్లీ చదవండి. నేనూ అలాగే చేస్తున్నాను.

మాది నల్లంపల్లి. ధర్మపురి నుంచి సేలం పోయే హైవే మీద ఉంటుంది. మావాళ్లు ఎన్ని వందల ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను చదువుకున్నది తమిళంలో. తెలుగు మాకు నోటితో మాట్లాడే భాష, అంతే. దానికి అక్షరాలు ఉన్నాయని తెలుసు గానీ అవి మా కోసం ఉన్నాయని ఎప్పుడూ అనిపించలేదు. పెళ్లిపత్రికలు కూడా తమిళంలోనే వేయిస్తాం. ఈ మాట ఇక్కడే ఎందుకు చెబుతున్నానంటే, నా తప్పంతా దీని మీదే నిలబడి ఉంది.

ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా అయ్యాక బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పని దొరికింది. సంస్థ పేరు రాయను. నా పేరూ రాయను. నాకు భయం లేదు, సిగ్గు ఉంది. అక్కడ ఎలుకల గది చూసుకోవడం నా పని. కిటికీలు లేని చల్లటి గది. రంపపు పొట్టు వాసన. గోడ పొడుగునా అరల్లో ప్లాస్టిక్ పెట్టెలు, వాటిని మేము కేజ్‌లు అనేవాళ్లం. ఒక్కో దాంట్లో ఐదేసి నల్లటి చుంచెలుకలు. ప్రతి కేజ్ ముందూ ఒక కార్డు.

ఆ గదిలోకే ఆమె వచ్చేది. ఆమె అసలు పేరు కూడా రాయను. యశోద అనుకోండి. డాక్టరేట్ కోసం పనిచేస్తున్న మనిషి, నాకన్నా మూడేళ్లు పెద్ద. మొదటి రోజు నేను ఫోన్‌లో మా ఇంటివాళ్లతో మాట్లాడుతుంటే తలుపు దగ్గర ఆగిపోయింది. "ఏమప్పా, నువ్వు మా పక్కోడివా?" అంది. వాళ్లది మారండహళ్ళి, మా జిల్లాలోనే. మా సంస్థలో ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు గానీ మా తెలుగు వింటే వాళ్లకు నవ్వు. వచ్చినాను, పోయినాను అంటే మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాళ్లు. యశోద ఎదుట మాత్రం నా నోరు ఇంట్లో ఉన్నట్టు ఉండేది. అప్పటిదాకా ఇంటి మాట ఇంటి బయట అంత హాయిగా వినబడుతుందని నాకు తెలియదు.

మిగతా అందరూ ఆమెను మేడమ్ అనేవాళ్లు. నన్ను అక్కా అనమంది. నేను అనలేదు. మా వాళ్లలో ఒకసారి ఆ వరస కలిపితే ఇంక అది వరసే. మీరు అని మాత్రం అంటూ, ఏ పిలుపూ లేకుండా నాలుగేళ్లు నెట్టుకొచ్చాను. "నాకు పేరు లేదా? గోడతో మాట్లాడినట్టు మాట్లాడతావే," అని ఎగతాళి చేసేది. నేను ఎందుకు పిలవలేదో ఆమెకు తెలుసా? తెలిసి ఉండదు. తెలిసి ఉంటే బాగుండునని ఈ వయసులో కూడా అనుకుంటున్నాను, చూడండి.

ఆమె చేసే పని గురించి చెప్పాలి. ఆమె నాకు చెప్పినట్టే చెబుతాను. కొన్ని రకాల కేన్సర్ కణాల మీద ఒక గుర్తు మామూలు కన్నా ఎక్కువగా కనబడుతుంది. దాన్ని ట్యూమర్ మార్కర్ అంటారు. ఆ గుర్తును రక్తంలో కొలిచి, రోగం పెరుగుతోందో తగ్గుతోందో డాక్టర్లు అంచనా వేస్తారు. యశోద అడిగిన ప్రశ్న వేరు. అదే గుర్తును టీకాగా ఇచ్చి, ఇది ఉన్నవాడే దొంగ, పట్టుకో అని శరీరానికి నేర్పగలమా? చిక్కేమిటంటే ఆ గుర్తు పూర్తిగా పరాయిది కాదు. మంచి కణాల మీద కూడా కొద్దిగా ఉంటుంది. శరీరం దాన్ని పుట్టినప్పటి నుంచీ చూసింది, నాదే అనుకుంది. తనది అనుకున్నదాని మీదికి శరీరం లేవదు. మామూలు ఎలుకలో ప్రయోగం చేస్తే ఏమీ తెలియదు, దానికి మనిషి గుర్తు పరాయిదే కాబట్టి ఇట్టే తిరగబడుతుంది. అందుకని మనిషి జన్యువును పుట్టుకతోనే మోసే ఎలుకలను పెంచేవాళ్లం. ఆ గుర్తును అవి కూడా మనలాగే తమదనుకుంటాయి. వాటికి టీకా వేసి, డొక్క దగ్గర చర్మం కింద అదే గుర్తున్న కేన్సర్ కణాలు పెట్టి, వాటి శరీరం తిరగబడుతుందా లేదా అని చూడటం ఆమె పని.

చూడటం రెండు విధాలు. ఒకటి రక్తం. అందులో యాంటీబాడీలు పుట్టాయా లేదా అన్నది యంత్రం చెబుతుంది. రెండోది కణితి. అది చర్మం కింద ఎంత పెరిగిందో కాలిపర్‌తో, అంటే రెండు దవడలున్న కొలబద్దతో, పట్టి కొలవాలి. ఆ కొలిచేవాణ్ణి నేను. ప్రతి మంగళవారం, శుక్రవారం.

సగం ఎలుకలకు టీకా. మిగతా సగానికి ఆ గుర్తు కలపని ఉత్త ద్రవం. కొలిచేవాడికి ఏది ఏదో తెలియకూడదు. తెలిస్తే వాడు ఎంత నిజాయితీపరుడైనా వాడి చెయ్యి ఒక పక్కకు మొగ్గుతుంది. ఈ సంగతి నాకు నేర్పింది కూడా యశోదే.

ఏ కేజ్ ఏ గుంపో రాసిన జాబితాను బీరువాలో పెట్టి తాళం వేయమని ప్రొఫెసర్ చెప్పాడు. బీరువా రెండంతస్తుల పైన ఉండేది. టీకా మళ్లీ మళ్లీ వేయాలి. గౌను, టోపీ, చేతి తొడుగులు వేసుకుని కిందికి వచ్చాక ఏదైనా అనుమానం వస్తే అవన్నీ విప్పి పైకి పోవాలి. యశోదకు అంత ఓపిక లేదు. ప్రతి కార్డు కింది మూలలో చిన్నగా ఒక మాట రాసుకుంది. కొన్నిటి మీద 'మందు' అని. కొన్నిటి మీద 'ఉత్తది' అని. తెలుగులో.

ఆమెకు తెలుగు రాయడం వాళ్ల అవ్వ నేర్పింది. కుప్పం వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి, తమిళం చదవలేదు. ఆమెకు ఉత్తరాలు రాయడం కోసమే యశోద అక్షరాలు నేర్చుకుంది. కార్డులు రాసిన రోజు ఒకటి తీసి నా ముఖం ముందు పెట్టింది.

"ఇది చదువు, చూస్తాను."

"నాకు తెలుగు చదవను రాదు కదా."

"నిజంగానా? ఒక్క అక్షరం కూడానా?"

"రాదు."

"తెలుగోడివి, తెలుగు రాదంటావు, సిగ్గు లేదా నీకు?" అని పకపకా నవ్వింది. "సరిలే, మంచిదే. ఈ ఊర్లో ఇంతకంటే మంచి బీగం నాకు యాడ దొరుకుతుంది! నువ్వే నా బీగం."

మా వైపు తాళాన్ని బీగం అంటాం. ఆమె ఆటకు అన్న మాట అది. ఆ రోజు నేనుండే గదికి పోతూ బస్సులో ఆ మాటను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. ఆ రోజుకు నేను నిజంగానే బీగాన్ని. నాకు నిజంగానే ఒక్క అక్షరమూ రాదు. ఇది మీరు నమ్మాలి.

తర్వాత నేర్చుకున్నాను.

ఎందుకు నేర్చుకున్నాను? మధ్యాహ్నం క్యాంటీన్‌లో తిన్నాక ఆమె అవ్వకు ఉత్తరం రాసేది. రాస్తూ రాస్తూ తనలో తను నవ్వుకునేది. ఎదురుగా కూర్చున్న నాకు ఆ నవ్వు కనబడేది, నవ్వు వెనక మాట కనబడేది కాదు. నా భాషే. నేను రోజూ మాట్లాడే భాషే. అది నా ముందే కాగితం మీద పారుతోంది, నేను గట్టున నిలబడి ఉన్నాను. ఆ దూరం నేను భరించలేకపోయాను. ఇంతకు మించి కారణం లేదు. దొంగతనం చేద్దామని ఎవరూ అక్షరాలు నేర్చుకోరు.

అప్పటికే బస్సుల కోసం కన్నడ బోర్డులు చదవడం పట్టుబడింది. కన్నడ అక్షరాలకూ తెలుగు అక్షరాలకూ దగ్గరి చుట్టరికం. సగం దారి ఆ బోర్డులే నడిపించాయి. మిగతా సగానికి పాత పుస్తకాల అంగడిలో చిన్నపిల్లల వాచకం కొన్నాను. పొద్దున్నే లేచి దిద్దుకునేవాణ్ణి, పాతికేళ్లు దాటిన మొగాణ్ణి. ఆమె చేతిరాత మాత్రం వాచకంలో లేదు. ఆమె తలకట్టు అక్షరానికి అంటేది కాదు, ఎగరబోతున్న పిట్టలా పైన విడిగా నిలిచేది. ఒత్తులు తోకల్లా కుడికి సాగేవి. అవి అర్థం కావడానికి, సిరా కారిందని ఆమె చిత్తుబుట్టలో వేసిన ఒక ఉత్తరం కాగితాన్ని తీసుకున్నాను. నేను చేసిన మొదటి తప్పు అదేనేమో.

రెండు రోజులు పట్టింది చదవడానికి. 'అవ్వా, నీ మోకాలికి తైలం కొన్నాను. వచ్చే వారం పంపిస్తాను. ఇక్కడ మన పక్క అబ్బాయి ఒకడు ఉన్నాడు. మంచోడు. అచ్చం నీ మాదిరి మాట్లాడతాడు. వాడి చెయ్యి చాలా నిదానం. ఎలుకకు కూడా నొప్పి తెలీదు.' అక్కడ సిరా కారి ఆగిపోయింది. అంతే. అందులో నాకోసం ఇంకేమీ లేదు. వాచకం కాకుండా నేను బతుకులో మొట్టమొదట తెలుగులో చదివింది నా గురించే. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆమెకు చెప్పాలనుకున్నాను. ఒక ఉత్తరం తెలుగులో రాసి ఆమె ముందు పెట్టాలి, ఆమె కళ్లు పెద్దవి చేసుకోవాలి, తెలుగోడివి అనిపించుకున్నావు పో అనాలి. ఆ క్షణాన్ని ఎన్నో విధాలుగా ఊహించుకున్నాను. మరి ఎందుకు చెప్పలేదు? ఇక్కడ నేను దాటవేయకూడదు. చెబితే నేను బీగం కాకుండా పోతాను. కొలతలకు ఇంకొకరిని పెడతారు. మంగళవారం, శుక్రవారం ఆ గదిలో మేమిద్దరమే ఉండే ఆ రెండేసి గంటలు నావి కాకుండా పోతాయి. నేను కొలిచి అంకె చెప్పేవాణ్ణి, ఆమె అరలకు వీపు పెట్టి కూర్చుని పుస్తకంలో రాసుకునేది. మాటలు ఉండేవి కావు. నా గొంతు, ఆమె పెన్ను, ఎలుకలు పొట్టు కదిపే చప్పుడు. ఆ రెండు గంటల కోసం వారమంతా బతికాను. అందుకే చెప్పలేదు.

కార్డుల సంగతి అప్పుడు నా తలలో లేదు. నిజంగా లేదు. ఒక మంగళవారం మూడో కేజ్ తీస్తుంటే మూలలో 'మందు' అని కనబడింది. నేను చదవలేదు. అది దానంతట అదే చదవబడింది. చదవడం ఒకసారి వచ్చాక చదవకుండా ఉండటం మన చేతిలో ఉండదని అప్పుడు తెలిసింది. కళ్లు తిప్పుకున్నాను. తిప్పుకున్న చోట 'ఉత్తది' అని ఉంది.

ఆ వారమంతా సరిగ్గా కొలిచాను. అంకెలు చెప్పాను. మందు ఎలుకలు కొంచెం మేలుగా ఉన్నట్టు నాకనిపించింది. అనిపించిందా, నిజమా? ఇప్పుడు చెప్పలేను. తర్వాతి శుక్రవారం ఒక మందు ఎలుకకు కణితి బాగా పెరిగింది. కాలిపర్ పట్టాను. తొమ్మిది. చెప్పబోయాను. అంతకుముందు ఎలుకకు పెద్ద అంకె చెప్పినప్పుడు ఆమె పెన్ను ఒక క్షణం ఆగింది, ఆ ఆగడం నా చెవిలో ఇంకా ఉంది. కణితి పైన చర్మం మెత్తగా ఉంటుంది. కాలిపర్ దవడలను కొంచెం గట్టిగా నొక్కితే అంకె తగ్గుతుంది. నొక్కాను. "ఎనిమిదిన్నర," అన్నాను. పెన్ను ఆగకుండా పోయింది.

అదీ నేను చేసింది. ఒక్కసారి కాదు. ఆ రోజు నుంచి ఆ ప్రయోగం అయ్యేదాకా, ప్రతి మంగళవారం, శుక్రవారం. మందు అని ఉంటే వేళ్లు బిగిశాయి. ఉత్తది అని ఉంటే వదులయ్యాయి. నేను కావాలని చేశానా? మొదటిసారి కావాలనే. తర్వాత వేళ్లకు అలవాటయింది, నేను అడ్డుకోలేదు. కణితి పరిమాణం కట్టేటప్పుడు వెడల్పును వెడల్పుతోనే గుణిస్తారు. నా అర మిల్లీమీటరు అక్కడికి పోయి పెద్దదైంది. కోసిన కణితులు నేరుగా వేరే పరీక్షకు పోయేవి, వాటిని తూచడం ఆ ప్రయోగంలో లేదు. తూచి ఉంటే పట్టుబడేవాణ్ణి. పట్టుబడి ఉంటే ఎంత బాగుండేది.

ఫలితం చూసి ప్రొఫెసర్ ఎలుకల గదిదాకా వచ్చాడు. తమది అనుకున్న గుర్తు మీద తిరగబడిన ఎలుకలు, తిరగబడటమే కాకుండా కణితిని అణచిపెట్టిన ఎలుకలు. యశోద మారండహళ్ళి నుంచి వేరుశనగ ఉండలు తెచ్చి అందరికీ పంచింది, నాకు రెండు పెట్టింది. అచ్చయిన వ్యాసం చివర కృతజ్ఞతల్లో నా పేరు వేసింది. ఆ పేజీని వేలితో చూపిస్తూ, "చూడు, ఇంగ్లీషే, ఇది చదవను వస్తుంది కదా నీకు?" అంది. ఆమె అంత సంతోషంగా ఉండటం మళ్లీ నేను చూడలేదు.

ఆమె డాక్టరేట్ పుచ్చుకుని ఇంకా పెద్ద సంస్థకు పోయింది. ఆ ఫలితాన్నే పట్టుకుని ముందుకు పోవడానికి. ఆమె లేని గదిలో నేను ఎక్కువ కాలం ఉండలేకపోయాను. ధర్మపురి వచ్చి బస్టాండుకు దగ్గర్లో రక్త పరీక్షల కేంద్రం పెట్టాను. పెళ్లి చేసుకున్నాను. నా భార్య మంచి మనిషి. ఆమెకు ఇందులో ఏ పాత్రా లేదు, అందుకే ఆమె గురించి ఎక్కువ రాయను.

పదకొండేళ్ల కిందట ఒక పొద్దున మారండహళ్ళి బస్సు దిగి యశోద మా కేంద్రానికి వచ్చింది. మనిషి సగమైంది. చేతిలో పాత కొలతల పుస్తకం నకలు, అట్ట ఊడిపోయి. కూర్చోగానే పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

"మూడుసార్లు చేసినాను అప్పా. అక్కడికి పోయి మూడుసార్లు. మూడుసార్లూ గడ్డ తగ్గలేదు."

"రక్తంలో?" అన్నాను.

"రక్తంలో వస్తా ఉండాది! అదే కదా నా తల తిరిగేది. యాంటీబాడీ మొదట్లో మాదిరే వస్తా ఉండాది. ఒళ్లు దాన్ని గుర్తు పడతా ఉండాది. గడ్డ మాత్రం తన పాటికి తాను పెరగతానే ఉండాది. అక్కడోళ్లు ఏమంటారో తెలుసా? మొదటి అంకెలు నేను కూర్చుని అల్లినానంట."

పేజీలు తిప్పడం ఆపి నా వైపు తిరిగింది.

"నువ్వు పక్కనే ఉండావు కదా. నిజం చెప్పు. నేను యాడన్నా తప్పు చేసినానా? కేజ్‌లు మార్చి పెట్టినానా? టీకా కలిపేటప్పుడు జాస్తి తక్కువ చేసినానా? తిట్టినా పరవాలేదు, చెప్పు."

"లేదు. మీరు ఏ తప్పూ చేయలేదు."

"నువ్వూ ఆ మాటే అంటావు." పుస్తకం మూసింది. "సరి. మిగతాదంతా అడిగినాను, కొలతలు ఒకటే అడగలా. దాన్ని అడిగేది ఏముందిలే. నీ చెయ్యి నాకు తెలీదా?"

అప్పుడు నోరు తెరిచాను. ఇంతకుముందు చెప్పానే, అది ఇదే. నాలుక చివరిదాకా వచ్చింది. నాకు చదవడం వచ్చు. ఆ మూడు మాటలు చాలు, మిగతాది ఆమే అల్లుకునేది.

"కాఫీ తాగుతారా?" అన్నాను.

తాగింది. బాగుంది అంది. తిరుగు బస్సు ఎక్కింది.

మీరు ఏ తప్పూ చేయలేదు అన్నది నిజమే. ఆ నిజం వెనక్కి పోయి దాక్కున్నాను. అబద్ధం ఆడి ఉంటే ఎప్పుడో ఒప్పుకునేవాణ్ణేమో. నేను చెప్పింది నిజం కావడం వల్ల పదకొండేళ్లు నిబ్బరంగా తిరిగాను. ప్రయోగంలో వేళ్లు చేసిన పని ఒక ఎత్తు, ఆ పొద్దున నా నోరు చేసిన పని ఒక ఎత్తు. వేళ్లకు ప్రేమ అన్న సాకు ఉంది. నోటికి ఏ సాకు ఉంది?

ఆ తర్వాత ఆమె పరిశోధన వదిలేసిందని విన్నాను. ఇప్పుడు మా కేంద్రానికే ట్యూమర్ మార్కర్ పరీక్ష చీటీలు వస్తాయి. రక్తం తీసి హోసూరుకు పంపిస్తాం. చీటీ తెచ్చినవాళ్లు, ఇది తగ్గితే మంచిదా సార్ అని తమిళంలో అడుగుతారు. తగ్గితే మంచిదే అంటాను. అన్న ప్రతిసారీ నా వేళ్లు నాకు గుర్తొస్తాయి.

గుర్తొస్తాయి, అంతే. నన్ను గుచ్చవు. ఆమె ఎలుకల గురించి చెప్పిన మాట నాకే సరిపోయింది. చర్మం కింద పెట్టుకున్నదాన్ని ఇన్నేళ్లు నాదే అనుకున్నాను. నాది అనుకున్నదాని మీదికి నాలో ఏదీ లేవలేదు.

పోయిన నెలలో లేచింది.

యశోద మారండహళ్ళిలో నారు పెంచుతోందని, టమాటా, మిరప నారుకు అక్కడికి చుట్టుపక్కల రైతులు వస్తారని ఎవరో చెప్పారు. మిరప నారు కావాలన్న నెపంతో పోయాను. పచ్చటి వల కప్పిన షెడ్డు. బల్లల మీద వరుసగా ట్రేలు. ఆమె జుట్టు నెరిసింది, ఒళ్లు కొంచెం చేరింది. నన్ను చూడగానే, "ఓ, బీగమా! బతికే ఉండావా?" అంది. మిరప నారు కావాలన్నాను.

చివరి బల్ల మీద రెండు ట్రేలు విడిగా ఉన్నాయి. ఒకదానికి కొత్త రకం ఎరువు నీళ్లు, ఒకదానికి మామూలు నీళ్లు. చిన్న చీటీలు గుచ్చింది. 'మందు'. 'ఉత్తది'. తలకట్టు అక్షరానికి అంటకుండా, పైన, ఎగరబోతున్నట్టు. ఆమె స్కేలు పెట్టి ఒక మొక్కను కొలిచింది. రాసుకుంది. మళ్లీ అదే మొక్కను కొలిచింది. రాసుకుంది. మూడోసారి కొలిచింది. ఒక్కో మొక్కకు మూడుసార్లు, ట్రే అంతా.

"అన్నిసార్లు ఎందుకు?" అన్నాను.

"నా చెయ్యి నేను నమ్మేది మానేసి చాలా రోజులైంది," అంది, వాతావరణం గురించి చెప్పినంత తేలికగా. స్కేలు నా చేతికి ఇచ్చింది. "నువ్వు కొలిచి చెప్పు. నీది నిదానమైన చెయ్యి. ఆ చీటీలు చూసినా నీకు తెలీవు, ఇంకా మంచిది."

కొలిచాను. చీటీల వైపు చూడకుండా, చూసినా తెలియనట్టు. అంకెలు చెప్పాను, ఆమె రాసుకుంది. ఆ పెన్ను చప్పుడు. ఈసారి సరిగ్గా కొలిచాను. వెంట్రుక వాసి కూడా అటూ ఇటూ పోనివ్వలేదు. అది చూసేవాళ్లు ఎవరూ లేరు, దాని వల్ల ఒరిగేదీ లేదు. మిరప నారు పట్టుకుని బస్సెక్కాను. పాలక్కోడు దాటాక నాకు ఏడుపొచ్చింది. ఆమె జీవితమంతా ఒక్కో మొక్కను మూడుసార్లు కొలుస్తూ గడుపుతోంది, ఎందుకంటే ఒకడు ఆమె దగ్గర ఉండాలని ఆశపడ్డాడు.

అందుకే రాస్తున్నాను. క్షమాపణ కోసం కాదని చెబితే మీరు నమ్మరు, నేనూ నమ్మను. కానీ అంతకన్నా ముందు ఆమెకు చేరాల్సిన సంగతి ఒకటి ఉంది. రక్తంలో కనబడింది నిజం. యంత్రం కొలిచింది, నేను కాదు. ఆమె టీకా సరిగ్గా కలిపింది, సరైన ఎలుకకే వేసింది. ఆ ఎలుకల శరీరం తమది అనుకున్న గుర్తును నిజంగానే గుర్తుపట్టింది. ఆమె చేసిన సగం నిఖార్సయిన నిజం, ఎవరూ అల్లింది కాదు. కణితి తగ్గిందన్న సగం నాది. అందులో మందు ఎంత, నా వేళ్లు ఎంత అంటే నాకు తెలియదు. బొత్తిగా ఏమీ తగ్గలేదో, కొంచెం తగ్గిందో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ ఎలుకలు లేవు. వాటి నుంచి నేను లాక్కున్న జవాబు అది.

ఇదంతా ఆరు రోజులుగా రాస్తున్నాను. కాగితాలు టేబుల్ మీదే పడి ఉంటాయి. దాచాల్సిన పని లేదు, మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్ణే. నిన్న నా భార్య పక్కకు జరిపి టిఫిను పెడుతూ, "ఏమిటికి ఇంత రాస్తా ఉండారు?" అంది. పాత సంగతులు అన్నాను. ఆమెకు కూడా చెబుతాను. ముందు మారండహళ్ళికి చేరనీ.

నేను రాసింది మొదటి నుంచి తిరగేసి చూసుకుంటే ఒకటి కనబడింది. నాకు ఇంకెవరి చేతిరాతా తెలియదు కదా, ఆమెదే పట్టుబడింది. నా తలకట్లు కూడా అక్షరానికి అంటవు. ఒత్తులు కుడికి సాగుతాయి. ఎన్ని పేజీలు రాసినా అవి ఆమె రాసినట్టే ఉన్నాయి. ఆ చిత్తు కాగితం కాక, ఇన్నాళ్లూ ఆమె నుంచి నా దగ్గర మిగిలింది ఇదేనని తెలిసి చాలాసేపు వాటిని చూస్తూ కూర్చున్నాను.

ఒక నకలు మీకు. అసలుది పొద్దున పోస్టులో వేశాను. కవరు మీద ఆమె పేరు, ఊరు తెలుగులో రాశాను. పోస్టుమ్యాన్ కోసం కింద తమిళంలో కూడా రాయాల్సి వచ్చింది. లోపల ఏముందో ఆమె చదువుతుందో, చించి పారేస్తుందో, ఆ ట్రేల దగ్గరే కూర్చుండిపోతుందో నాకు తెలియదు. అయితే కవరు చించనక్కర్లేదు. ధర్మపురి పోస్టు ముద్ర కింద తన తలకట్లతో తన పేరు కనబడగానే, బీగానికి చదవడం వచ్చని ఆమెకు తెలిసిపోతుంది.